చిత్తూరు నుంచి డాలస్: అసలు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు?

రిటైర్డ్ స్టీరింగ్ | సోమవారం, ఉదయం 6:12

అందరికీ నమస్కారం. ఆర్టీసీలో 31 ఏళ్ళు డ్రైవర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. చిత్తూరు. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, జూన్‌లో కానుపు. నేనూ మా ఆవిడా పోతున్నాం. ఇద్దరికీ విమానం ఎక్కడం ఇదే మొదలు.

టికెట్ వచ్చింది. చెన్నైలో తెల్లవారుజామున 4:00కు ఎక్కితే, దుబాయ్‌లో మారి, అదే రోజు సాయంత్రం 4:30కి డాలస్‌లో దిగుతామని రాసుంది. నా లెక్కకు పన్నెండున్నర గంటలు. మా అల్లుడేమో 23 గంటలంటాడు. ఒక వెబ్‌సైట్‌లో తిరుపతి నుంచి డాలస్‌కు 14,800 చిల్లర కిలోమీటర్లు, పదహారున్నర గంటలని ఉంది. ఇంకోదాంట్లో 15,850 కిలోమీటర్లని ఉంది.

బండి కదిలే ముందు రూటు కిలోమీటర్లు తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. వీటిలో ఏది నిజం?

కాణిపాకం కుర్రోడు | సోమవారం, ఉదయం 6:40

గూగుల్‌లో కొట్టండి పెద్దాయనా, రెండు సెకన్లలో వస్తుంది.

రిటైర్డ్ స్టీరింగ్ | సోమవారం, ఉదయం 6:44

కొట్టినాకే ఇక్కడికొచ్చినాను నాయనా. ఒక ప్రశ్నకు మూడు జవాబులు చెప్పింది.

డాలస్‌లో పుంగనూరు | సోమవారం, ఉదయం 8:05

అన్నా, నమస్తే. మాది పుంగనూరు, తొమ్మిదేళ్ళుగా డాలస్ పక్కన ఉంటున్నాం. ముందు మీ అల్లుడి లెక్క తేలుద్దాం, అది ఒప్పే.

టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. 4:00 అన్నది చెన్నై గడియారం, 4:30 అన్నది డాలస్ గడియారం. జూన్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. మీకు కనబడే పన్నెండున్నరకు ఈ పదిన్నర కలపండి. 23 సరిపోయింది కదా?

చలికాలంలో అయితే తేడా పదకొండున్నర గంటలు. ఇక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుతారు. కొత్తలో మా అమ్మకు ఫోన్ చేసినప్పుడల్లా ‘ఇప్పుడు మీకు ఎంత టైమయింది’ అని అడిగేది. తేడా మారిందని చెబితే, ‘గడియారాన్ని తిప్పితే పొద్దు తిరుగుతుందా’ అని తిట్టింది.

మీ 23 గంటల్లో చెన్నై–దుబాయ్ నాలుగు గంటల పైన, దుబాయ్‌లో ఆగేది రెండున్నర, మూడు మధ్య, దుబాయ్–డాలస్ 16. అంతే.

శ్రీకాళహస్తి అమ్మణ్ణి | సోమవారం, ఉదయం 9:30

అన్నయ్యా, గంటల సంగతి తర్వాత, ముందు తేదీ చూసుకోండి. తెల్లవారుజాము 4:00 అంటే తేదీ ఎప్పుడో మారిపోయి ఉంటుంది. టికెట్ మీద 14వ తేదీ అని ఉంటే మీరు ఇంట్లోంచి బయలుదేరాల్సింది 13 సాయంత్రం. మా మేనమామ 14న రాత్రి భోజనం చేసి, కొబ్బరికాయ కొట్టి, కారెక్కి చెన్నై పోయాడు. విమానం ఆ పొద్దున్నే వెళ్ళిపోయింది. తోడుగా వెళ్ళిన పదకొండు మందీ ఒకే కారులో వెనక్కి వచ్చారు. ఆ కారులో ఒక్కరూ నోరు విప్పలేదట.

రిటైర్డ్ స్టీరింగ్ | సోమవారం, ఉదయం 9:52

చెల్లెమ్మా, మంచి మాట చెప్పావు. ఇప్పుడే తీసి చూసినా. మాది 9వ తేదీ అని ఉంది, నేను క్యాలెండర్‌లో 9నే గుండ్రం చుట్టిపెట్టినా. కొట్టేసి 8న చుట్టినా.

గంటలు తేలిపోయాయి. కిలోమీటర్లు తేలలేదు.

నగరి మగ్గం | సోమవారం, ఉదయం 10:15

మా వాడి స్కూల్ అట్లాస్‌లో ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి చూశాను. చెన్నై నుంచి నేరుగా పడమటికి పోతే అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి డాలస్. ఆ దారిన లెక్క వేస్తే 18 వేల పైనే వస్తోంది. 14,800 అనేది ఎట్లా కుదురుతుంది? వెబ్‌సైట్ వాళ్ళు నోటికొచ్చింది రాసినట్టున్నారు.

చంద్రగిరి లెక్కల మాస్టారు | సోమవారం, ఉదయం 11:48

నగరి అబ్బాయీ, స్కేలు తప్పు కాదు, నీ పటం బల్లపరుపుగా ఉండటమే తప్పు. బత్తాయి తొక్కను చింపకుండా బల్ల మీద పరవలేం. పరిచామని చెబితే ఎక్కడో సాగదీశామని అర్థం. ప్రపంచ పటంలో ఉత్తరాన ఉన్నవన్నీ అలా సాగదీసినవే.

ఇంట్లో 30 సెంటీమీటర్ల గ్లోబు ఉంది. పూలు కట్టే దారం తీసుకుని ఒక కొస చెన్నై మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగాను. దారం పడమటికి పోలేదు, నిటారుగా పైకి పోయింది. ఇండియా, చైనా, సైబీరియా దాటి ఉత్తర ధ్రువం పక్కనుంచి అవతలికి దిగి, కెనడా మీదుగా టెక్సాస్ చేరింది. దారం కొలిస్తే 35 సెంటీమీటర్లు. ఆ గ్లోబు మీద సెంటీమీటరుకు సుమారు 425 కిలోమీటర్లు. గుణించుకోండి.

దారం లేకపోయినా ఈ రెండు ఊళ్ళ లెక్క నోటితోనే వేయొచ్చు. చెన్నై 80 డిగ్రీల తూర్పు రేఖాంశం, డాలస్ 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 177. అంటే రెండు ఊళ్ళూ భూగోళానికి దాదాపు ఎదురెదురు వైపుల్లో ఉన్నట్టు. అలాంటప్పుడు దగ్గరి దారి ధ్రువం పక్కనుంచే పోతుంది. చెన్నై అక్షాంశం 13, అక్కడి నుంచి ధ్రువానికి 77 డిగ్రీలు. డాలస్ 33, ధ్రువం నుంచి అక్కడికి 57. మొత్తం 134. ఒక్కో డిగ్రీకి భూమి మీద 111 కిలోమీటర్లు. 134ను 111తో హెచ్చిస్తే 14,900కు కాస్త తక్కువ.

తిరుపతి చెన్నైకి కొంచెం ఉత్తరాన ఉంది కాబట్టి 14,800 చిల్లర అన్న వెబ్‌సైట్ మాట సరైనదే. ఆ దారిలో విమానం తిరగదు, అదీ మీ గందరగోళానికి మూలం.

నగరి మగ్గం | సోమవారం, మధ్యాహ్నం 12:20

మాస్టారూ, దండం. మా వాడి గ్లోబు మీద నేనూ పట్టు దారంతో చూశాను. నిజంగానే పైకి పోతోంది. నలభై ఏళ్ళుగా అమెరికా పడమట ఉందనుకుంటున్నా.

కాణిపాకం కుర్రోడు | సోమవారం, మధ్యాహ్నం 12:26

పటంలో పడమటే ఉంది అన్నా. పోయేది మాత్రం ఉత్తరం నుంచి. మా కాలేజీకి కూడా అంతే.

రేణిగుంట రన్‌వే | సోమవారం, రాత్రి 9:10

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. పెద్దాయన రెండో సంఖ్య 15,850 ఎక్కడిదో చెబుతాను.

చెన్నై నుంచి దుబాయ్ 2,930 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ 12,920. కలిపితే 15,850. మొదటి సంఖ్య గ్లోబు మీద దారం, రెండోది మీరు నిజంగా పోయే రెండు ముక్కలు. దుబాయ్ పడమట ఉన్నందువల్ల మీకు పడే అదనపు చుట్టు వెయ్యి కిలోమీటర్లు లోపే. లండన్ మీదుగా పోయినా చెన్నై–లండన్ 8,230, లండన్–డాలస్ 7,630, కలిపితే దాదాపు అంతే వస్తుంది. రేణిగుంటలో, అంటే తిరుపతి ఎయిర్‌పోర్టులో ఎక్కి హైదరాబాద్, దుబాయ్ మీదుగా పోయినా తేడా యాభై కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ మూడు విమానాలు ఎక్కాలి. రేణిగుంటకు 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది గానీ, అమెరికా పోవాలంటే ఎక్కడో ఒకచోట మారక తప్పదు.

గంటల విషయంలో వెబ్‌సైట్ చేసేది ఒకటే: దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగిస్తుంది. పెద్ద విమానాలు పైన పోయే వేగం సుమారు అంతే, కాబట్టి పూర్తిగా తప్పు కాదు. అయితే అది పైకెక్కడం, దిగడం, రన్‌వే దాకా నేల మీద పాకడం, గాలి ఎదురు కొట్టడం, కొన్ని దేశాల గగనతలం తప్పించుకుని చుట్టు తిరగడం, ఇవేవీ లెక్కలోకి తీసుకోదు. టికెట్ మీద ఉండే 16 గంటలు గేటు దగ్గర బండి కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. గాల్లో ఉండేది దానికంటే అరగంట తక్కువే.

రిటైర్డ్ స్టీరింగ్ | సోమవారం, రాత్రి 9:41

గేటు నుంచి గేటు. మా భాషలో డిపో నుంచి డిపో. ఇది అర్థమయింది.

ఇంకో రెండు ప్రశ్నలు. 16 గంటలు ఒక్క డ్రైవరే తోలుతాడా? బండి లీటరుకు ఎంతిస్తుంది? నా బండికి 5.6 తెచ్చినవాణ్ణి, అందుకే అడుగుతున్నా.

కాణిపాకం కుర్రోడు | సోమవారం, రాత్రి 9:50

పెద్దాయన అసలు ప్రశ్న ఇప్పుడొచ్చింది 😀

రేణిగుంట రన్‌వే | మంగళవారం, రాత్రి 8:30

డబుల్ డ్రైవర్ పద్ధతే సార్. అంత దూరపు విమానంలో నలుగురు పైలెట్లుంటారు. ఇద్దరు తోలుతుంటే ఇద్దరు పడుకుంటారు. వాళ్ళకు విడిగా పడకలున్న చిన్న గది ఉంటుంది, ప్రయాణికులకు కనబడదు.

ఇక మైలేజీ. బోయింగ్ 777-300ఈఆర్ ట్యాంకు 1,81,283 లీటర్లు. అది గంటకు ఏడెనిమిది టన్నుల ఇంధనం తాగుతుంది. 16 గంటలకు సుమారు 120 టన్నులు, అంటే లక్షన్నర లీటర్లు. 12,920 కిలోమీటర్లకు లక్షన్నర లీటర్లంటే లీటరుకు 86 మీటర్లు.

రిటైర్డ్ స్టీరింగ్ | మంగళవారం, రాత్రి 8:37

86 మీటర్లా! కిలోమీటర్లు కాదు గదా?

రేణిగుంట రన్‌వే | మంగళవారం, రాత్రి 8:39

మీటర్లే. అయితే 350 మందిని మోస్తుంది. తలకు లెక్కేస్తే ఒక్కో మనిషికి లీటరుకు 30 కిలోమీటర్లు వస్తుంది. మన మోటర్ సైకిల్ మీద ఒక్కడు పోయినదానికంటే తక్కువే.

రిటైర్డ్ స్టీరింగ్ | మంగళవారం, రాత్రి 8:55

నా బస్సు 50 మందితో 5.6 ఇస్తే తలకు 280 కిలోమీటర్లు. విమానం 30. ఈ ముక్క మా డిపో మేనేజర్ ఉన్నప్పుడు తెలిసుంటే ఎంత బాగుండేది. నాలుగు పాయింట్లు తగ్గిందని మెమో ఇచ్చినాడు.

కాణిపాకం కుర్రోడు | మంగళవారం, రాత్రి 10:15

నాదో డౌటు. నవ్వొద్దు. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా. విమానం నేరుగా పైకి లేచి, హెలికాప్టర్‌లాగా అక్కడే ఆగితే, కింద భూమి తిరిగి పన్నెండు గంటల్లో అమెరికానే మన కిందికి రావాలి. డీజిల్ మిగులు, మైలేజీ గొడవ ఉండదు. ఎందుకు చేయరు?

చంద్రగిరి లెక్కల మాస్టారు | మంగళవారం, రాత్రి 10:40

నవ్వను నాయనా. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడు అడిగిన ప్రశ్న ఇది, ఆ ఒకడే తరవాత బాగా చదువుకునేవాడు. జవాబు వేరేవాళ్ళు చెబితే బాగుంటుంది. పాకాల అబ్బాయి ఉన్నాడా?

పాకాల జంక్షన్ | బుధవారం, ఉదయం 7:20

ఉన్నాను సార్.

మన చిత్తూరు, తిరుపతి అక్షాంశం దగ్గర నేల గంటకు 1,600 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తూర్పుకు పోతోంది. నువ్వు, నీ ఇల్లు, కాణిపాకం గుడి, పైనున్న గాలి అన్నీ కలిసే పోతున్నాయి. విమానం పైకి లేచినా ఆ వేగం దాన్ని వదిలిపోదు. రిటైర్డ్ స్టీరింగ్ అన్న బస్సు 80లో పోతుంటే లోపల దోమ ఎగురుతుంది కదా, అది వెనక అద్దానికి కొట్టుకుని చచ్చిపోతుందా? బస్సులోని గాలి బస్సుతోనే పోతోంది, దోమ గాలితో పోతోంది.

ఆ వేగాన్ని నిజంగా వాడుకునేది శ్రీహరికోట. తూర్పుకు పంపే రాకెట్‌కు భూమి తిరిగే వేగం, సెకనుకు 450 మీటర్లు, ఉచితంగా తోడవుతుంది. జీఎస్ఎల్‌వీ తూర్పు సముద్రం మీదికి పోవడానికి అదో కారణం. రాకెట్‌కు గాలి దాటి పోవాలి, భూమి చుట్టూ తిరగాలి. విమానానికి గాలే ఆధారం, అందుకని దాని కష్టసుఖాలన్నీ గాలితోనే.

ఆ గాలి గురించి చెప్పాలంటే మా ఊరి పక్కనే మొదలుపెట్టాలి. తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డులో వస్తుంటే గాదంకి అని ఊరు. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, అంతరిక్ష శాఖ కిందిది. పెద్ద మైదానం నిండా యాంటెన్నాలు నాటినట్టుంటాయి, ఎంఎస్‌టీ రాడార్ అంటారు. చేపలు పట్టే వల ఆరేసినట్టు ఉంటుంది చూడ్డానికి. అది ఆకాశం పైపొరల దాకా గాలి ఏ ఎత్తులో ఎటు, ఎంత వేగంతో వీస్తోందో కొలుస్తుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నాలుగు నెలలు అక్కడికి తిరిగాను.

నైరుతి కాలంలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మన తలల మీద 15, 16 కిలోమీటర్ల ఎత్తులో తూర్పు నుంచి పడమటికి ఒక గాలి నది పారుతుంది. సెకనుకు 40 మీటర్లు దాటిన రోజులున్నాయి, అంటే గంటకు 140 కిలోమీటర్ల పైమాటే. విమానాలు పోయేది 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో కాబట్టి నది నడుమ పడవు, అంచు తగులుతుంది. ఉత్తరాన, 30, 40 డిగ్రీల అక్షాంశాల దగ్గర వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ గాలి నది పడమటి నుంచి తూర్పుకు పోతుంది, సరిగ్గా విమానాల ఎత్తులోనే, చలికాలంలో గంటకు 200, 300 కిలోమీటర్లు కూడా. జెట్ స్ట్రీమ్ అనేది అదే. అమెరికా పోయేటప్పుడు దానికి ఎదురీదాలి, వచ్చేటప్పుడు అది వెనకనుంచి తోస్తుంది. అందుకే దుబాయ్ నుంచి డాలస్ పోవడానికి 16 గంటలైతే, డాలస్ నుంచి దుబాయ్ రావడానికి పద్నాలుగున్నర.

కాణిపాకం కుర్రోడు | బుధవారం, ఉదయం 7:48

దోమ ఉదాహరణతో అయిపోయింది అన్నా. గాదంకి దగ్గర వందసార్లు బస్సులో పోయుంటా, ఆ కంచె లోపల ఏముందో ఇప్పుడు తెలిసింది.

రిటైర్డ్ స్టీరింగ్ | బుధవారం, ఉదయం 8:10

ఆ రోడ్డు మీద నేను పద్దెనిమిదేళ్ళు తోలినా. అక్కడ గాలి కొలుస్తారని నాకూ తెలీదు. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఎదురుగాలి ఉంటే డీజిల్ ఎక్కువ తాగుతుందని మాత్రం తెలుసు.

మరి గాలి అంత సాయం చేస్తుందంటే, చుట్టుదారి అయినా తూర్పునుంచే పోవచ్చు గదా?

రేణిగుంట రన్‌వే | బుధవారం, రాత్రి 9:05

సార్, మీరు డ్రైవర్ కాబట్టే ఈ ప్రశ్న వచ్చింది. సరిగ్గా ఇదే పని చేశారు.

ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. మొదట్లో అట్లాంటిక్ మీదుగా, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు, వెయ్యిన్నర దాకా ఎక్కువ. పట్టిన సమయం పద్నాలుగున్నర గంటలు, పాత దారికంటే రెండు గంటలు తక్కువ. వెనకగాలి పుణ్యం. దూరం పెరిగింది, గంటలు తగ్గాయి.

2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరిన విమానం గుర్తుందా? కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్ళే, కెప్టెన్ జోయా అగర్వాల్. అది 13,993 కిలోమీటర్ల దూరం, 17 గంటల ప్రయాణం. మాస్టారు దారం లాగిన దారి లాంటిదే. ధ్రువం మీద పోవాలంటే వేరే జాగ్రత్తలుంటాయి. జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. బయట అంతకంటే చల్లగా ఉండొచ్చు. రెక్కల్లోని ఇంధనం వేడి చూసుకుంటూ, అవసరమైతే కిందికి దిగడమో వేగం పెంచడమో చేస్తారు. ఏదైనా ఇబ్బంది వస్తే దిగడానికి దగ్గరలో ఏ ఊరు ఉందో ముందే రాసిపెట్టుకుంటారు.

చంద్రగిరి లెక్కల మాస్టారు | బుధవారం, రాత్రి 9:30

అయితే చెన్నై–డాలస్ 14,900 ఒకే ఊపులో పోగల విమానం ఉందా లేదా?

రేణిగుంట రన్‌వే | బుధవారం, రాత్రి 9:44

ఉంది మాస్టారూ. సింగపూర్ నుంచి న్యూయార్క్ పోయేది 15,300 కిలోమీటర్ల పైనే, పద్దెనిమిదిన్నర గంటలు దాటుతుంది. దానికి అదనంగా ఇంధనం పట్టేలా చేసిన ఏ350 విమానాలు వాడతారు, సీట్లు తక్కువ, రేటు ఎక్కువ. చెన్నై నుంచి డాలస్‌కు రోజూ ఆ రేటు పెట్టి ఎక్కేవాళ్ళు విమానం నిండా దొరకాలి, అదీ సమస్య.

గగనతలం మాటా చెప్పాలి. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమాన సంస్థలకు మూసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా పోయే మన విమానాలకు గంటలు పెరిగాయి. అదే ఏడాది జూన్ 23న ఖతర్ గగనతలం కొన్ని గంటలు మూస్తే దోహాలో మారాల్సిన వాళ్ళ ప్రయాణాలు తారుమారయ్యాయి. అందుకే ఏ వెబ్‌సైట్ లెక్కయినా పోయిన ఏటి లెక్కే అనుకోవాలి. బయలుదేరే ముందురోజు టికెట్ మళ్ళీ చూసుకోండి.

పుత్తూరు కట్టు | గురువారం, ఉదయం 10:20

ఆకాశం సంగతి బాగుంది. నేల మీదికి రండి. అన్నా, చిత్తూరు నుంచి చెన్నైకి ఎట్లా పోతున్నారు? బెంగళూరు దగ్గరని కొందరంటారు.

రిటైర్డ్ స్టీరింగ్ | గురువారం, ఉదయం 10:45

ఇది నన్నడగాలి. చెన్నై ఎయిర్‌పోర్టుకు రాణిపేట, వాలాజా, శ్రీపెరుంబుదూరు, అక్కడి నుంచి ఊళ్ళోకి పోకుండా కుండ్రత్తూరు మీదుగా. 150 చిల్లర. రాత్రిపూట మూడు గంటలు, పగలైతే నాలుగు. బెంగళూరు ఎయిర్‌పోర్టున్న దేవనహళ్ళికి పలమనేరు, ముళబాగిలు, కోలారు, హొస్కోటె. కొంచెం దూరం ఎక్కువ, ఘాట్ ఉంది. రోడ్డు బాగానే ఉంటుంది. పలమనేరు, కుప్పం వాళ్ళకు బెంగళూరే మేలు. తిరుపతి, పుత్తూరు, నగరి వాళ్ళకు చెన్నై తప్ప ఇంకోటి అనుకోనక్కరలేదు.

పుత్తూరు కట్టు | గురువారం, ఉదయం 11:02

సరే. నా అనుభవం ఒకటి. పోయినసారి మా నాన్నకు చౌకగా వస్తోందని రెండు వేరువేరు టికెట్లు తీశాను. మధ్యలో మారడానికి గంటా పది నిమిషాలు. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా దిగింది. రెండోది వెళ్ళిపోయింది. టికెట్ వేరు కాబట్టి రెండో సంస్థవాళ్ళు మాకు సంబంధం లేదన్నారు. నాన్న ఆ ఎయిర్‌పోర్టులో పద్నాలుగు గంటలు కూర్చున్నాడు, కొత్త టికెట్‌కు మిగిల్చినదానికి నాలుగింతలు పోయింది. రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి, అప్పుడు తప్పిపోతే వాళ్ళే వేరే విమానం ఎక్కిస్తారు, సామాను కూడా చివరి ఊరికే పోతుంది. మారడానికి మూడు గంటలు ఉంటే పెద్దవాళ్ళకు టెన్షన్ ఉండదు. వీల్‌చెయిర్ ముందే రాయించండి, మోకాళ్ళు బాగున్నా సరే.

రిటైర్డ్ స్టీరింగ్ | గురువారం, ఉదయం 11:15

ఒకే పీఎన్ఆర్. అల్లుణ్ణి అడిగి చూసుకున్నా. వీల్‌చెయిర్ మా ఆవిడకు రాయించినాం. నేను నడుస్తా, పరువు సమస్య.

శ్రీకాళహస్తి అమ్మణ్ణి | గురువారం, మధ్యాహ్నం 1:10

మందులు చేతి సంచిలోనే పెట్టుకోండి, చీటీతో సహా. షుగర్‌కు ఇన్సులిన్ వేసుకునేవాళ్ళయితే ఏ గంటకు వేసుకోవాలో డాక్టర్ దగ్గర ముందే రాయించుకోండి. దుబాయ్ నుంచి పగటిపూట ఎక్కితే పొద్దు మీతోపాటే పడమటికి వస్తుంది, ఎంతసేపటికీ చీకటి పడదు. మా అత్తగారు ‘రాత్రి మాత్ర’ వేసుకోవడానికి రాత్రి కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

ఆవకాయ పెద్ద పెట్టెలో, రెండు కవర్లు వేసి...

నిర్వాహకుడు | గురువారం, మధ్యాహ్నం 2:00

ఆవకాయకు వేరే చర్చ నడుస్తోంది, 212 జవాబులు దాటింది. దయచేసి అక్కడ రాయండి.

రిటైర్డ్ స్టీరింగ్ | జూన్ 11, రాత్రి 9:20 (డాలస్ టైమ్)

అందరికీ డాలస్ నుంచి నమస్కారం. చేరినాం. ట్రిప్ షీట్ రాసుకుంటూ వచ్చినా, చూడండి.

8వ తేదీ సాయంత్రం 7:00 చిత్తూరు ఇంటి దగ్గర బయలుదేరినాం. మీటర్ ప్రకారం 154 కిలోమీటర్లు. 10:10కి చెన్నై ఎయిర్‌పోర్టు. విమానం పది నిమిషాలు లేటు. దుబాయ్ దాకా గాల్లో నాలుగు గంటల ఐదు నిమిషాలు. అక్కడ ఒక చోటు నుంచి ఇంకో చోటికి లోపల రైల్లో తీసుకుపోయినారు. దుబాయ్ నుంచి డాలస్ గాల్లో 15 గంటల 35 నిమిషాలు. డాలస్‌లో సాయంత్రం 4:30 అన్నది 4:22కే గేటు దగ్గర ఆపినాడు. ఇమిగ్రేషన్‌లో గంటంబావు. అమ్మాయి ఇంట్లో అడుగు పెట్టేసరికి 6:30. చిత్తూరులో అప్పుడు 10వ తేదీ తెల్లవారుజామున 5:00.

మొత్తం 34 గంటలు. అందులో గాల్లో ఉన్నది 20 గంటలు కూడా లేదు. మిగతా పద్నాలుగు రోడ్డూ, లైనూ, కూర్చోవడమూ.

సీటు ముందున్న టీవీలో సినిమా చూడలేదు, మ్యాపే పెట్టుకున్నా. ఒకచోట వేగం 838 చూపించింది, ఇంకోచోట 921. బయట మైనస్ 56. పాకాల అబ్బాయి చెప్పిన గాలి లెక్క కళ్ళతో చూసినట్టయింది. గ్రీన్‌లాండ్ మీద కిటికీ కొంచెం ఎత్తినా. కిందంతా తెల్లగా సున్నం కొట్టినట్టుంది, ఒక్క ఇల్లు లేదు, ఒక్క రోడ్డు లేదు. ఇట్లాంటి రూటులో బ్రేక్‌డౌన్ అయితే మెకానిక్ ఎక్కడినుంచి వస్తాడా అనుకున్నా. పక్కసీటు ఆయన నిద్రలేచి కిటికీ మూయమన్నాడు.

చంద్రగిరి లెక్కల మాస్టారు | జూన్ 12, ఉదయం 8:15

క్షేమంగా చేరారు, సంతోషం. ఆ ట్రిప్ షీట్ ఫోటో తీసి పెట్టండి, మనవడికి చూపించి లెక్కలు చేయిస్తాను.

డాలస్‌లో పుంగనూరు | జూన్ 12, ఉదయం 8:40

అన్నా, స్వాగతం. ఆదివారం భోజనానికి రండి, మా ఇల్లు మీకు 22 మైళ్ళు. కిలోమీటర్లు మీరే చేసుకోండి.

కాణిపాకం కుర్రోడు | జూన్ 12, ఉదయం 9:05

పెద్దాయనా, తిరుగు ప్రయాణం ఎన్ని గంటలు?

రిటైర్డ్ స్టీరింగ్ | జూన్ 12, ఉదయం 10:30

అక్టోబరు ముప్పై ఒకటో తేదీ. అప్పటికి ఇంకా గడియారాలు వెనక్కి తిప్పరంట, అదీ చూసుకున్నా. ఇక్కడ మధ్యాహ్నం 12:00కు ఎక్కితే మరుసటి రోజు రాత్రి 7:30కి చెన్నై. చూడ్డానికి ముప్పై ఒకటిన్నర గంటలు. పదిన్నర తీసేస్తే 21. పోయినదానికంటే రెండు గంటలు తక్కువ, గాలి తోస్తుంది గదా.

రెండు గంటలు తక్కువ కూర్చోబెట్టినందుకు టికెట్‌లో ఏమన్నా తగ్గిస్తారేమో అడగమంటోంది మా ఆవిడ.